పొలం మధ్య కప్పులేని చిన్న చాపెల్: గోడల మీది గుర్తులు ఏం చెబుతున్నాయి?

ప్రశ్న: గోడలోగూడు

నేను చెప్పబోయే శిథిలం ఒక చాపెల్, అంటే చిన్న క్రైస్తవ ప్రార్థనాలయం. అది దక్షిణ ఇంగ్లండ్‌లో, ఒక పల్లె దాటాక గొర్రెలు మేసే పొలంలో ఉంది. పొలం ఒక రైతుది. నడిచేవాళ్లందరికీ హక్కున్న కాలిబాట దాని పక్కగా పోతుంది. బోర్డు లేదు, కంచె లేదు. ఊళ్లో ఎవరిని అడిగినా "మధ్యయుగాల నాటి చాపెల్, ప్లేగు వచ్చినప్పుడు జనం పోయారు, పాడుబడింది" అనే చెబుతున్నారు. ఆ గోడలు చూస్తున్నకొద్దీ నాకు ఆ ఒక్క మాటతో తృప్తి కలగడం లేదు. అక్కడ ఎవరో కట్టారు, ఎవరో ప్రార్థించారు, ఆ తర్వాత ఇంకెవరో ఇంకేదో చేశారు. అదేమిటో తెలుసుకోవాలని ఉంది.

చూసింది చూసినట్టు చెబుతాను. లోపల అంతా ఒకే గది, సుమారు 40 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. తూర్పు గోడ కొప్పు దాకా నిలబడి ఉంది. అందులో మూడు పొడవాటి కిటికీలు, పైన మొన తేలిన కమానులు. బయటినుంచి చూస్తే ఒక్కోటి జానెడు వెడల్పు కూడా లేదు, లోపలికి వచ్చేసరికి చేతులు చాపినంత వెడల్పు. దక్షిణ గోడలో, తూర్పు కొసకు దగ్గరగా ఒక చిన్న గూడు. దాని అడుగున రాతిలోనే చెక్కిన గిన్నె, గిన్నెలో పూరేకుల్లాంటి గాడులు, నట్టనడుమ చిటికెన వేలు పట్టే రంధ్రం. అది నా మోకాలికి కాస్త పైన ఉంది, అంత కిందికి ఎందుకు పెట్టారో తెలియదు. ఎదురుగా ఉత్తర గోడలో నలుచదరపు గూడు, దాని అంచు చుట్టూ మెట్టులా కోత.

పడమటి సగం వేరేలా ఉంది. అక్కడ ఉత్తర, దక్షిణ గోడలు రెండూ మనిషికి రెండింతల ఎత్తున నిలిచాయి. రెండింటి మీదా తలకు పైన ఒకే వరసలో చదరపు బెజ్జాలు, ఒకదానికొకటి ఎదురెదురుగా. పడమటి గోడ మధ్యలో రాళ్లు కొన్ని గులాబి రంగు తిరిగి, పైన నల్లబారాయి. దక్షిణాన ఉన్న గుమ్మం పక్క రాయి మీద సూదితో గీసినట్టు సన్నని గీతలు, ఒక బెజ్జం నుంచి విసనకర్రలా పైకి విచ్చుకున్నాయి. గోడల మూలల్లో మాత్రం చెక్కుడు రాళ్లు ఒక్కటీ లేవు, ఎవరో కొరికినట్టు ఉన్నాయి. చుట్టుపక్కల ఎక్కడా సమాధి రాళ్లు లేవు.

తొందర ఎందుకంటే, ఊళ్లో కొందరు కలిసి ఉత్తర గోడ మీది ఐవీ తీగను లాగేసి, రాళ్ల సందులను సిమెంటుతో పూడ్చాలని అనుకుంటున్నారు. మంచి మనసుతోనే అనుకుంటున్నారు. నన్నూ రమ్మన్నారు. తీగ మొదలు నా ముంజేయంత లావుంది. వెళ్లాలా వద్దా? ప్లేగు మాట నిజమేనా?

జవాబు: సున్నమూఇసుకా

వెళ్లవద్దు. వెళ్లినా చెయ్యి వేయవద్దు, వాళ్లను కూడా ఆపండి. కారణం చివర చెబుతాను. ముందు మీ గోడల సంగతి, ఎందుకంటే మీరు రాసిన నాలుగు పేరాల్లోనే ఆ కట్టడం కథ చాలావరకు ఉంది. పాత రాతి గోడల మరమ్మతు నా వృత్తి. ఇలాంటి వివరంతో ప్రశ్న అడిగేవాళ్లు అరుదు.

దక్షిణ గోడలోని గిన్నెను పిసీనా అంటారు. మీ ఒకే గదిలో బలిపీఠం ఎక్కడుండేదో అది వేలు పెట్టి చూపిస్తుంది. పూజ అయ్యాక క్రైస్తవ గురువు పాత్రను, తన వేళ్లను కడిగిన నీళ్లు ఎక్కడ పడితే అక్కడ పారబోయకూడదు. ఆ నీళ్లు గిన్నెలోని రంధ్రం గుండా గోడలోకి దిగి, పవిత్రం చేసిన నేలలోనే ఇంకిపోవాలి. అందుకే ఆ బెజ్జం. గోడ అవతలికి గాని, గోడ గర్భంలోకి గాని చిన్న కాలువ ఉంటుంది. ఎదురుగా ఉన్న నలుచదరపు గూడు ఆంబ్రీ, పూజ పాత్రలు దాచే అలమర. అంచు చుట్టూ ఉన్న కోత చెక్క తలుపు ఒదగడానికి. టార్చి వేసి ఒక పక్క నిలువు అంచును చూడండి. మడత బందు ఇనుము కూర్చిన గుంట గాని, తుప్పు మరక గాని దొరకవచ్చు.

పిసీనా మోకాలి ఎత్తున ఉందన్నారే, అది నాకు అన్నిటికంటే నచ్చిన వివరం. గురువు నిలబడి చేతులు కడుక్కోవలసిన గిన్నె అది. ఎవరూ దాన్ని మోకాలి దగ్గర పెట్టరు. గిన్నె దిగలేదు, నేల లేచింది. కప్పు కూలినప్పుడు పడిన పెంకులు, సున్నం, గోడ పైనుంచి జారిన రాళ్లు, వందల ఏళ్ల గడ్డి, గొర్రెల పేడ అన్నీ కలిసి అసలు నేలను కప్పేశాయి. అంటే మీ కాళ్ల కింద కనీసం అడుగున్నర లోతులో ఆ చాపెల్ అసలు నేల ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. పలకలు పరిచి ఉండవచ్చు, కిటికీల నుంచి పడ్డ గాజు పెంకులు, కప్పు మేకులు ఉండవచ్చు. ఏది ఎక్కడ పడిందో అక్కడే ఉంటేనే దానికి అర్థం. కాబట్టి పార ముట్టుకోకండి.

మూడు సన్నని కిటికీలు 13వ శతాబ్దపు పని అని చెప్పడానికి బలమైన ఆధారం. ఇంగ్లండ్‌లో సుమారు 1190 దాకా గుండ్రని కమాను, ఆ తర్వాత మొన తేలిన కమాను. మొదట్లో ఇలా ఒంటరి ఒంటరిగా పొడవాటి కిటికీలు పెట్టేవాళ్లు, 1250 దాటాక వాటిని కలిపి పైన రాతి అల్లిక చేయడం మొదలైంది. ఈ శైలులకు ఇప్పుడు వాడే పేర్లు థామస్ రిక్‌మన్ 1817లో స్థిరపరిచినవి. బయట సన్నగా, లోపల వెడల్పుగా ఎందుకంటే గాజు ఖరీదు, చలిగాలి భయం. సన్నని చీలికలోంచి వచ్చిన వెలుగు ఏటవాలు పక్కగోడల మీద పడి గదంతా పరుచుకుంటుంది. ఆ పక్కగోడలకు ఒకప్పుడు సున్నపు పూత, దాని మీద రంగులు ఉండేవి. రాయి రాయిగా కనిపించే మధ్యయుగపు చర్చి లోపలి గోడ అన్నది మన కాలపు ఊహ. కిటికీ ఏటవాలుల్లో పైన, వాన తగలని చోట పూత పెంకు మిగిలి ఉందేమో కింద నిలబడే చూడండి. ఉంటే గోకకండి, ఫొటో తీయండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పడమటి సగంలో బెజ్జాలు. పాత గోడల మీద చదరపు బెజ్జాలు కనిపిస్తే తాపీవాళ్లు పరంజా కట్టుకున్నవని సాధారణంగా అనుకుంటాం, చాలాసార్లు అది నిజమే. పరంజా బెజ్జాలు గోడ పొడవునా ఉంటాయి, మనిషి పని చేసే ఎత్తుకు ఒక వరస చొప్పున కింది నుంచి పైదాకా లేస్తాయి. మీరు చెప్పినవి అలా లేవు. ఒక్కటే వరస, సగం గది వరకే, రెండు గోడల మీదా ఎదురెదురుగా. అవి దూలాల బెజ్జాలు. ఎవరో పడమటి సగానికి మిద్దె వేశారు. పడమటి గోడలో గులాబి రంగు తిరిగిన రాళ్లు దానికి తోడు. ఇనుము కలిసిన సున్నపురాయి మంట దగ్గర చాలాకాలం ఉంటే అలా రంగు మారుతుంది. పైన నలుపు పొగ మసి. పొయ్యి ఉంది, పైన పడకగది ఉంది. మీ చాపెల్ కొంతకాలం ఇల్లు.

ఇది వింత కాదు. గ్లాస్టర్‌షైర్‌లోని డీర్‌హర్‌స్ట్‌లో ఎర్ల్ ఓడా తన సోదరుడి ఆత్మశాంతి కోసం కట్టించిన చాపెల్ 1056లో ప్రతిష్ఠ అయింది. తర్వాత అది ఒక రైతు ఇంట్లో కలిసిపోయింది. 1865లో ఆ ఇంటికి మరమ్మతు చేస్తూ గోడ పూత తీసేదాకా లోపల చాపెల్ ఉందని ఎవరికీ తెలియదు. ఎసెక్స్‌లో బ్రాడ్‌వెల్ దగ్గర సముద్రపు గట్టున ఉన్న సెయింట్ పీటర్ చాపెల్ 7వ శతాబ్దం నాటిది, పాత రోమన్ కోట రాళ్లతో కట్టింది. దాన్ని ధాన్యం కొట్టంగా వాడుకున్నారు. 1920లో మళ్లీ చాపెల్ చేశారు. కొట్టంగా వాడారు కాబట్టే అది నిలిచింది. కొట్టానికి కప్పు కావాలి, కప్పు ఉన్నంతకాలం గోడ బతుకుతుంది.

నేను గట్టిగా చెప్పదలచింది ఇదే. రాతి గోడ వయసు మీద పడి కూలదు. కప్పు పోయినప్పుడు కూలుతుంది. ఆ కప్పు ఎప్పుడు పోయింది, ఎవరు తీశారు అన్నది అడగాలి. మధ్యయుగపు గోడ లోపలా బయటా రాతి పొర, నడుమ గండ్రాళ్లు, సున్నం కుమ్మరించిన గర్భం. గోడ నెత్తి తెరుచుకుంటే వాన ఆ గర్భంలోకి దిగుతుంది, చలికాలం గడ్డకట్టి ఉబ్బుతుంది, సున్నాన్ని కడిగేస్తుంది, ఆపైన పొరలు విడిపోతాయి. మీ మూలలు కొరికినట్టు ఉండటం మాత్రం వాన పని కాదు, మనుషుల పని. చెక్కిన మూలరాళ్లు విలువైనవి, బండికెత్తుకుని పోయారు. దగ్గరలో ఉన్న రైతు ఇంటి ప్రహరీ, పశువుల కొట్టం మూలలు, వంతెన గోడ చూడండి. పొలం గోడలో ఒంటరిగా ఒక చెక్కుడు రాయి, అంచు నున్నగా ఏటవాలుగా ఉన్నది కనిపిస్తే అది మీ చాపెల్ కిటికీ చట్రం కావచ్చు.

గుమ్మం పక్క గీతలు నీడ గడియారం. బెజ్జంలో చిన్న పుల్ల గుచ్చితే నీడ గీతల మీద పడుతుంది, పూజ వేళ తెలుస్తుంది. దక్షిణ గోడ మీద, గుమ్మం దగ్గర ఇలాంటివి గీయడం మామూలే. అయితే నీడ కిందికి పడుతుంది కాబట్టి గీతలు బెజ్జం నుంచి కిందికి విచ్చుకోవాలి. మీరు పైకి అన్నారు. ఆ రాయిని తలకిందులుగా పేర్చారు. అంటే గుమ్మం ఒకసారి విప్పి మళ్లీ కట్టారు, కట్టినవాళ్లకు ఆ గీతలతో పని లేదు. ఇల్లుగా మార్చినప్పుడే ఆ పని జరిగి ఉండవచ్చని నా ఊహ. దాన్ని ఊహగానే తీసుకోండి.

ఐవీ సంగతి. ఆ తీగ వేళ్లు గోడ గర్భంలోకి పోయి ఉంటే, ఈ రోజు ఆ గోడలో కొంత భాగాన్ని తీగే పట్టి ఉంచుతోంది. లాగితే రాళ్లు వెంట వస్తాయి, లాగుతున్న మనిషి మీద పడతాయి. సందుల్లో సిమెంటు అంతకంటే చెడ్డది. పోర్ట్‌లాండ్ సిమెంటు 1824లో పేటెంటు పొందిన వస్తువు, ఈ గోడకు దానితో ఏ చుట్టరికమూ లేదు. సున్నపు అడుసు మెత్తన, తడిని పీల్చి సందుల గుండా బయటికి వదిలేస్తుంది. సిమెంటు గట్టి, తడిని లోపలే బంధిస్తుంది. అప్పుడు తడి రాయి ముఖం గుండా బయటికి రావాలి, మంచు పట్టినప్పుడు రాయి ముఖమే పొరలు పొరలుగా ఊడిపోతుంది. సిమెంటు సందులు గీతల్లా ఉబ్బి నిలబడి, మధ్యలో రాళ్లు గుంటలు పడిన గోడలు నేను చాలా చూశాను. ఆ రాయి మళ్లీ రాదు.

జవాబు: పాతపటాలు

పైన చెప్పిన గోడల పాఠానికి కాగితాల పాఠం జోడిస్తాను.

ప్లేగు ఇంగ్లండ్‌కు 1348 వేసవిలో డోర్సెట్ తీరాన దిగింది, ఏడాదిన్నరలో దేశ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టింది. అంత పెద్ద విపత్తు కాబట్టి పాడుబడిన ప్రతి చర్చినీ జనం దానికే అంటగడతారు. నిజంగా తవ్వి చూసిన చోట కథ వేరేగా తేలింది. యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అనే ఊరిని 1950 నుంచి 1990 దాకా ఏటేటా తవ్వారు. ప్లేగు తర్వాత కూడా ఆ ఊరు బతికింది. సాగు భూమిని గొర్రెల మేతకు మార్చి, 1500 ప్రాంతంలో చివరి కుటుంబాలను వెళ్లగొట్టాకే ఖాళీ అయింది. అక్కడి సెయింట్ మార్టిన్ చర్చి ఆ తర్వాత కూడా చుట్టుపక్కల ఊళ్ల కోసం వందల ఏళ్లు నడిచింది. జనం తగ్గినకొద్దీ పక్క వసారాలు కూలగొట్టి, కమానుల మధ్య గోడ కట్టేశారు. మూసేసిన ఆ కమానులు ఇప్పటికీ కనిపిస్తాయి.

మీ చాపెల్ ఇల్లుగా మారిందంటే నాకు ముందు గుర్తొచ్చేది 1547. ఆరో ఎడ్వర్డ్ పాలనలో వచ్చిన చాంట్రీల చట్టం, చనిపోయినవారి ఆత్మల కోసం పూజలు చేయించే నిధులను, వాటితోపాటు చాలా స్వతంత్ర చాపెళ్లను రద్దు చేసి ఆస్తులను రాజుకు కట్టబెట్టింది. చాంట్రీలంటే అలాంటి నిధులే, దేశమంతా రెండు వేలకు పైగా పోయాయి. కప్పు మీది సీసం కరిగించి అమ్మారు, గంటలు తీసుకుపోయారు, కట్టడం కొన్నవాడు దాన్ని ఇల్లో కొట్టమో చేసుకున్నాడు. మీ చాపెల్‌కు ఇదే జరిగిందని ఇప్పుడే అనకండి. వెతకవలసిన తేదీ మాత్రం అది.

సమాధి రాళ్లు లేవన్నారు. మధ్యయుగాల్లో మామూలు జనానికి సమాధి రాయి ఉండేది కాదు, కాబట్టి అది ఒక్కటే ఏదీ తేల్చదు. అయినా ఇంకో సంగతి ఉంది. పారిష్ చర్చికి, అంటే ఆ ప్రాంతపు ప్రధాన చర్చికి, దూరంగా ఉన్న పల్లెల సౌకర్యం కోసం కట్టిన చాపెళ్లకు సాధారణంగా జ్ఞానస్నానం ఇచ్చే హక్కు గాని, పాతిపెట్టే హక్కు గాని ఉండేది కాదు. వాటి మీద వచ్చే రాబడి తల్లి చర్చిది, అది వదులుకోదు. మీదీ అలాంటిదే అయితే ఆ పొలంలో సమాధులు అసలు లేకపోవచ్చు.

ఇంట్లో కూర్చునే చేయగలిగిన పనులు చెబుతాను. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) పటాలు ఉచితంగా చూడవచ్చు. మైలుకు ఆరంగుళాల పటంలో మీ పొలం వెతకండి. పురాతన కట్టడాల పేర్లను ఆ పటాల్లో గోతిక్ అక్షరాల్లో రాసేవాళ్లు. తర్వాత 1836 దశమభాగాల (పంటలో పదో వంతు చర్చికి ఇచ్చే పన్ను) చట్టం కింద తయారైన పటాలు జిల్లా దస్తావేజుల కార్యాలయంలో ఉంటాయి, వాటి జాబితాలో ప్రతి పొలానికీ పేరు ఉంటుంది. "చాపెల్ క్లోజ్", "చాపెల్ ఫీల్డ్" లాంటి పేర్లు గోడలు పూర్తిగా పోయిన చోట కూడా మిగిలాయి. ఇక ప్రభుత్వ వారసత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ నడిపే జాతీయ వారసత్వ జాబితా చూడండి, పటం మీదే వెతకవచ్చు.

ఆ చివరిది ఈ రోజే చేయండి. ఆ కట్టడం షెడ్యూల్డ్ మాన్యుమెంట్, అంటే చట్టం రక్షణ ఉన్న పురాతన కట్టడం అయితే, 1979 చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాని మీద ఏ పని చేసినా నేరం. మంచి మనసుతో వేసిన సిమెంటు కూడా అందులోకే వస్తుంది. అనుమతి లేకుండా అక్కడ మెటల్ డిటెక్టర్ వాడటం కూడా నేరమే.

గోడలోగూడు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. జాబితాలో చూశాను, షెడ్యూల్డ్ మాన్యుమెంటే. ఊరివాళ్లలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. పాత పటంలో గోతిక్ అక్షరాలతో "చాపెల్, శిథిలం" అనే అర్థంలో రాసి ఉంది.

రైతు అనుమతి తీసుకుని ఆయన పశువుల కొట్టం చుట్టూ తిరిగాను. కొట్టం మూల, నేలకు దగ్గరగా, మిగతా రాళ్లకంటే లేత రంగు రాయి ఒకటి కనిపించింది. ఒక అంచు ఏటవాలుగా నున్నగా చెక్కి ఉంది, ఆ ఏటవాలు మధ్యన నిలువునా సన్నని గాడి. గాజు ఒదిగే గాడి అయి ఉంటుందా? ఆయన పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే, రోజూ ఆ రాయి పక్కనుంచే నడుస్తారు. చెప్పగానే వంగి దాన్ని చేత్తో తడిమి చూశారు.

ఆంబ్రీ అంచులో రెండు గుంటలు ఉన్నాయి, ఒకదాంట్లో ఎర్రని తుప్పు. కిటికీ ఏటవాలులో పైన పూత పెంకు అరచేయంత మిగిలి ఉంది. రంగు ఉందో లేదో కింది నుంచి తేల్చలేకపోయాను.

ఊరివాళ్లకు చట్టం సంగతి చెబితే ఆగిపోయారు, కానీ బాధపడ్డారు. "ఏమీ చేయకుండా ఉంటే మా కళ్లముందే కూలిపోతుంది కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

జవాబు: గట్టుమీదగడ్డి

ఊరివాళ్ల పక్షాన రెండు మాటలు. నేను కూడా ఇలాంటి ఒక శిథిలాన్ని చూసుకునే స్వచ్ఛంద బృందంలో పనిచేస్తున్నాను. "ముట్టుకోవద్దు" అని చెప్పి నిపుణులు వెళ్లిపోతారు, ఆపైన ఏళ్ల తరబడి ఎవరూ రారు. గోడ మీద మొలిచిన సికమోర్ మొక్క చెట్టవుతుంది, చెట్టు గాలికి ఊగినప్పుడల్లా గోడ విడిపోతుంది. చూస్తూ ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ నష్టం ఉంది. ప్రేమతో వచ్చిన మనుషులను చట్టం చూపించి వెనక్కి పంపితే ఇంకోసారి రారు.

ఐవీ విషయంలో కూడా అన్ని తీగలూ ఒకటి కావు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు పాత కట్టడాల సంరక్షణ చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కోసం పరిశోధన చేసి, గోడ ముఖానికి అంటిపెట్టుకుని పాకిన ఐవీ చలి, వేడి దెబ్బలను తగ్గించి గోడను కాపాడుతుందని చూపించారు. వేళ్లు సందుల్లోకి దిగి లావెక్కితే మాత్రం హాని. ముందు ఏ రకమో చూడాలి, తర్వాత మాట్లాడాలి.

జవాబు: సున్నమూఇసుకా

గట్టుమీదగడ్డి గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను వద్దన్నది లాగడం, సిమెంటు. పని వద్దనలేదు. 1877లో విలియం మోరిస్ తదితరులు పురాతన కట్టడాల రక్షణ సంఘం పెట్టినప్పుడు అడిగింది కూడా ఇదే. పాతదాన్ని కొత్తగా మార్చేయకండి, రోజువారీ జాగ్రత్తతో కాపాడండి అన్నారు. రోజువారీ జాగ్రత్త ఊరివాళ్ల చేతిలోని పనే, నాలాంటివాళ్లం ఏడాదికి ఒకసారి వచ్చి చేయగలిగేది కాదు.

ముందు రైతుతో కలిసి హిస్టారిక్ ఇంగ్లండ్ ప్రాంతీయ కార్యాలయానికి ఉత్తరం రాయండి. భూమి ఆయనది, ఆయన సంతకం లేకుండా ఏదీ కదలదు. కొట్టం రాయిని వంగి తడిమిన మనిషి అంటున్నారు కాబట్టి సగం పని అయినట్టే. ఏ పనికి అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో వాళ్లనే రాతపూర్వకంగా అడగండి.

జవాబు వచ్చేలోపు ఫొటోలు తీయండి. ప్రతి గోడనూ ఎదురుగా నిలబడి, పక్కన కొలబద్ద పెట్టి, ఏటా ఒకే నెలలో ఒకే చోటి నుంచి తీయాలి. పగులు పెరుగుతోందా, గోడ ఒరుగుతోందా అన్నది ఒక ఫొటోతో తెలియదు, వరసగా ఉంటే తెలుస్తుంది. మరమ్మతుకు డబ్బు అడిగేటప్పుడు దీనికంటే బలమైన సాక్ష్యం లేదు. నీడ గడియారం రాయిని మాత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ తీయండి. నడిమధ్యాహ్నం ఆ గీతలు కనబడవు.

ఐవీ పని అనుమతి వచ్చాకే. అప్పుడు కూడా నేల దగ్గర మొదలు నరికి, తీగ ఎండి పట్టు వదిలేదాకా ఆగి, ఆపైన కొంచెం కొంచెంగా కత్తిరించి తీయాలి. గోడ గర్భంలోకి దిగిన వేరు ఉంటే దాన్ని అక్కడికక్కడ కోసి, ఆ ఖాళీని సున్నంతో నింపే తాపీమనిషి పక్కనే ఉండాలి. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో తీగ జోలికి పోవద్దు, గూళ్లకు 1981 చట్టం రక్షణ ఉంది. సందుల్లో గబ్బిలాలు ఉన్నా అంతే.

ఇక గోడ నెత్తి. కప్పు మళ్లీ వేయలేం, వేయకూడదు కూడా. ఆ కప్పు ఎలా ఉండేదో మనకు ఆధారం లేదు. నెత్తి మీద మట్టి పరిచి గడ్డి పెంచే పద్ధతి ఉంది. దాన్ని కూడా ఇంగ్లిష్ హెరిటేజ్, ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు కలిసి పరీక్షించారు. గడ్డి వాన నీటిని కొంత పట్టుకుంటుంది, మంచు నేరుగా రాయికి తగలకుండా ఆపుతుంది. మీ ఉత్తర గోడ మీద గడ్డి తనంతట తానే మొలిచి ఉంటే దాన్ని శుభ్రం చేయనివ్వకండి.

గాజు గాడి విషయం: ఏటవాలు అంచుతో పాటు నిలువు గాడి ఉందంటే కిటికీ చట్రం రాయి అయ్యే అవకాశం బాగా ఎక్కువ. గాడి వెడల్పు కొలిచి, తూర్పు కిటికీలో మిగిలిన గాడితో పోల్చండి. రెండూ కలిస్తే రాయిని మాత్రం కొట్టంలోంచి తీయకండి. అది ఇప్పుడు ఆ కొట్టాన్ని మోస్తోంది.

గోడలోగూడు

గాడి కొలిచాను, రెండు చోట్లా ఒకటే. ఫొటోల పని ఊరివాళ్లు గోడకొకరు చొప్పున పంచుకున్నారు, ఉత్తర గోడ నాకు వచ్చింది. ఉత్తరం మీద రైతు సంతకం చేశారు. దశమభాగాల పటం చూడటానికి దస్తావేజుల కార్యాలయంలో సమయం తీసుకున్నాను. పొలం పేరు తెలియగానే ఇక్కడే రాస్తాను.